ఇద్దరికి రాస్తే చాలు

ఆదివారం తెల్లారేసరికి నిర్మల తలగడ కింద ఫోన్ లేదు. ఎక్కడుందో వెతకనక్కర్లేదు. వారం రోజులుగా ఆ ఫోన్‌కి కాళ్లొచ్చాయి. దుప్పటి విసిరేసి పొయ్యిగదిలోకి వెళ్లింది. అనుకున్నట్టే తల్లి సోములమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో రూళ్ల నోటుబుక్కు, మోకాలి మీద ఫోన్. ఎసరు మరిగి గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతోంది. ఆవిడకు అదేమీ పట్టలేదు.

"ఎసరు ఇగిరిపోతంది. కనిపించట్లేదేటి?"

"సూత్తన్నానే. ఒక్క ముక్క రాసి లేత్తాను."

"ఆ ఒక్క ముక్క వారం నుంచీ రాస్తన్నావు. ఇలా ఇయ్యి నా ఫోన్."

"నా" అన్న మాటను నిర్మల కావాలనే ఒత్తి పలికింది. నాలుగేళ్ల కిందట తను శృంగవరపుకోటలో డిగ్రీలో చేరినప్పుడు తండ్రి సుక్రు మిరియాలు అమ్మి కొనిచ్చిన ఫోన్ అది. ఫోన్ మిగిలింది, డిగ్రీ మిగల్లేదు. రెండో ఏడాది మొదట్లోనే సుక్రు మిరియాలు కోయడానికి, ఆ తీగ అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్టెక్కి జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. "ఒక్క నెల రా తల్లీ, కాఫీ కోతలయ్యాక ఎల్లిపోదువుగాని" అని సోములమ్మ కబురు పెట్టింది. ఆ నెల ఇప్పటికి మూడు కోతలు దాటింది. హాస్టల్‌కి పట్టుకెళ్లిన ఇనప్పెట్టెలో ఇప్పుడు ఇంట్లోవాళ్లు గంజికి చోళ్లు పోసుకుంటున్నారు.

అంతవరకూ నిర్మల ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోవడమంటే మాటలు తగ్గించి, గిన్నెలు గట్టిగా పెట్టడం. కానీ పది రోజుల కిందట సోములమ్మ అంగన్‌వాడీ నుంచి వస్తూనే "నాను కాలేజీలో సేరేను" అని చెప్పింది చూడండి, అప్పటి నుంచి ఆ ఇంట్లో ఉప్పూ నిప్పూగానే ఉంది. ఎవరో ఒకరి చదువు ఆగిపోయిన ఇంట్లో, ఆపిన మనిషే పుస్తకం పట్టుకుంటే పుండు మీద కారం చల్లినట్టు ఉండదా?

సోములమ్మకు నలభై మూడేళ్లు. పదహారేళ్లుగా ఊరి అంగన్‌వాడీలో ఆయా. ఓపెన్ స్కూల్లో పదీ, ఇంటరూ ఎప్పుడో నెగ్గుకొచ్చింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం మీద ఒక కాలేజీ ఏడాది కోర్సు ఆన్‌లైన్లో పెడుతోందని తెలిసి, టీచరమ్మ చేత పేరు ఎక్కించుకుంది. ఇంట్లో ఎవరినీ అడగలేదు. మొదటి రోజు లాగిన్ అవడానికే కొండ మూడుసార్లు ఎక్కింది. ఆ ఊళ్లో సిగ్నల్ దొరికేది ఊరి పైన టవర్ బండ అనే రాతి మీద మాత్రమే, అందుకే రాయాల్సింది ముందు ఇంట్లో నోటుబుక్కులో రాసుకుంటుంది. మొదటిసారి వెళ్తే ఓటీపీ రావాల్సిన బటన్ ఫోన్ ఇంట్లో ఉండిపోయింది. రెండోసారి పాస్‌వర్డ్ మర్చిపోయింది. మూడోసారికి గెలిచింది. ఆ పాస్‌వర్డ్ ఇప్పటికీ పొయ్యిగది తలుపు వెనక బొగ్గుతో రాసి ఉంది. దాని మీద ఊరంతా నవ్వింది. నిర్మల నవ్వలేదు, నేర్పనూ లేదు.

"ఈవేళ ఆరు గంటలకి ఆఖరు నిర్మలా," అంది సోములమ్మ, ఫోన్ అందిస్తూనే వేళ్లు వదలకుండా. "మొదటి వారం మూడు పనులు సెయ్యాల. మన గురించి మనం రాసుకోవాల. క్లాసులోవాళ్లు రాసిన దానికి జవాబు రాయాల. పది ప్రశ్నల పరీక్ష రాయాల. ఆరు లోపల అవ్వకపోతే పేరు కొట్టేసి ఇంకొకలికి ఇచ్చేత్తారు."

"కొట్టేస్తే కొట్టేస్తారు. ఏటి పోయింది?"

సోములమ్మ వేళ్లు వదిలేసింది.

నడవలో చేతికర్ర పక్కన పెట్టుకుని చలి కాచుకుంటున్న సుక్రు దగ్గాడు. ఆయన దగ్గితే గొడవ ఆపమని అర్థం. ఆ దగ్గు ఆ ఇంట్లో పనిచేయడం మానేసి చాలా కాలమైంది.

"నాన్నా, నువ్వు దగ్గకు. మూడేళ్ల కింద దగ్గితే బాగుండును," అంది నిర్మల.

గంజి తాగుతూ ఆ రోజు పని అనుకున్నారు. కాఫీ పండు కోసిన రోజే తొక్క తీసేయాలి. రాత్రంతా ఉంచితే పులిసి గింజ పాడవుతుంది, ఆ తర్వాత ఎంత ఎండబెట్టినా వాసన పోదు. తొక్క తీసే పల్పర్ మిషను ఊరికంతటికీ ఒక్కటే ఉంది. అందుకే ఇంటికో వంతు. ఆ రోజు వీళ్ల వంతు మధ్యాహ్నం రెండు గంటలకి. పేరు పిలిచినప్పుడు ఇంటి మనిషి మిషను దగ్గర నిలబడి ఉండాలి. లేకపోతే వంతు ఆఖరికి పోతుంది. ఎవరికీ మినహాయింపు లేదు.

"దిగువ తోట నేను కోస్తాను. నువ్వు ఎగువ తోట కోసి, మూటలు మిషను కాడికి చేర్చి అక్కడే ఉండు. ఎక్కడికీ కదలకు," అంది నిర్మల.

"కదలనే."

"బండ మీదకి ఎక్కకు."

"ఎక్కనని సెప్పలేదు గాని, వంతుకి ఉంటాను."

"అదిగో. ఉన్నమాట కడుపులో దాగదు నీకు," అని నిర్మల బుట్ట తీసుకుని విసవిసా వెళ్లిపోయింది.

డిసెంబరు మంచు కరిగేదాకా చేతులు కొంకర్లు పోయాయి. ఆ తర్వాత ఎండ సుర్రుమంది. ఎర్రగా పండినవి మాత్రమే ఏరి కోస్తూ నిర్మల మనసులో తల్లితో పోట్లాడుతూనే ఉంది. తనతో చదివిన పిల్ల ఒకతె ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తోంది. జీతమొచ్చిన రోజు ఫోటో పెడుతుంది. ఆ ఫోటో చూసినప్పుడల్లా నిర్మలకు ఆకలి చచ్చిపోతుంది. ఇలా ఎవరితోనూ చెప్పుకోలేని కుళ్లు ఒకటి లోపల పెరిగిందని ఆమెకే తెలుసు. దానికీ తల్లే కారణం అనుకుంది.

రెండున్నరకి మూట నెత్తిన పెట్టుకుని మిషను షెడ్డు దగ్గరికి వచ్చింది. వాళ్ల రెండు మూటలూ ఎండలో ఓ పక్కన పడి ఉన్నాయి. తల్లి లేదు. మిషను పిడి వేరే ఇంటివాళ్లు తిప్పుతున్నారు. వంతులు పిలిచే గాసి ఆమెను చూసి తల గోక్కున్నాడు. ఆయన్ని సోములమ్మ అన్నా అని పిలుస్తుంది, నిర్మలకి మావ వరస.

"మీ వంతు దాటిపోయింది గుంటా. మూడు కేకలేసేను. మీ అమ్మ లేదు."

"ఎక్కడికెల్లింది మావా?"

గాసి గడ్డం పైకెత్తి కొండవైపు చూపించాడు.

"ఇంక ఎన్ని ఇళ్లున్నాయి?"

"నాలుగు. నాలుగున్నర దాటుతాది."

మూటలో చెయ్యి పెడితే పళ్లు అప్పుడే వేడెక్కి జిగురుగా తగిలాయి. నిర్మలకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులు కూడా వేసుకోకుండా కొండెక్కింది. పాతిక నిమిషాల దారి, పదిహేను నిమిషాల్లో ఎక్కేసింది.

టవర్ బండ మీద నలుగురైదుగురు ఉన్నారు. ఒకామె కువైట్లో ఉన్న భర్తతో మాట్లాడుతోంది, ఇద్దరు ముసలివాళ్లు పింఛను గురించి ఎవరినో అడుగుతున్నారు. వాళ్లందరికీ దూరంగా సోములమ్మ రాతి అంచున కూర్చుని, ఒక్క వేలితో ఫోన్ మీద పొడుస్తోంది. నిర్మల ఫోనే. బుట్ట తీసుకునే హడావిడిలో గూట్లో వదిలేసి వెళ్లిందని అప్పుడు గుర్తొచ్చింది.

"వంతు పోయింది," అంది నిర్మల.

సోములమ్మ ఉలిక్కిపడి లేచింది. "టయిమెంతయిందే? ఇంకా ముగ్గురే ఉన్నారు, అయిపోతాది గదా అని..."

"ముగ్గురేటి?"

"రాయవలిసినోలు. ముప్పై తొమ్మిది మందిలో ముప్పై ఆరు మందికి రాసేసేను."

నిర్మల తల్లి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. తెర మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: మీ తోటి విద్యార్థులలో కనీసం ఇద్దరికి జవాబు రాయండి.

"ఇద్దరికి అని రాసుంది! కళ్లు లేవా? ఇద్దరికి రాస్తే చాలు!"

"సదివేను. ఇద్దరికి రాసి మిగతావోలని వదిలేత్తే ఏటనుకుంటారే? ఊల్లో ఒక ఇంటికి ఎల్లి పలకరించి పక్కింటికి ఎల్లకపోతే ఊరుకుంటారా? అందరూ తమ కట్టం రాసుకున్నారు. సదివేను గదా. సదివి మాటాడకుండా ఎలాగ పోను?"

ఆ ఊళ్లో అదే పద్ధతి. కష్టం విన్నాక ప్రతి గడపా ఎక్కి పలకరించాలి. ఒక్క గడప వదిలినా ఆ ఇంటితో ఏడాదిపాటు మాటలుండవు. క్లాసులోని నలభై మందినీ సోములమ్మ ఒక ఊరనుకుంది. వారం రోజులు కొండెక్కి దిగుతూ గడప గడపా పలకరించింది. పరీక్ష మాత్రం ఇంకా ముట్టుకోలేదు. పలకరింపులు అయ్యాకే పని, అదీ ఊరి పద్ధతే.

మరో రోజైతే నిర్మలకు నవ్వొచ్చేదేమో. ఆ రోజు ఒళ్లు మండింది.

"ఎవలో తెలీనోళ్ల కష్టం మీద అంత జాలా నీకు? ఇంట్లో ఉన్నదాని మీద లేదేటి? మూడు మూటలు ఎండలో మగ్గిపోతన్నాయి. పొద్దున్నించి నా ఏళ్లు సూడు, ఎలాగున్నాయో!"

"తప్పయిపోయింది. ఎల్దాం పద."

"తప్పయిపోయిందంట! ఆ మాట ఎంత తేలికో నీకు. నా సదువు మానిపించి ఇప్పుడు నువ్వు సదువుతావా? సిగ్గనిపించట్లేదా? రేపు పాసయ్యి ఆ కాయితం గోడకి తగిలిస్తే నేను రోజూ దాన్ని సూస్తూ గంజి తాగాలా?"

నిర్మలకు కోపం ముదిరితే కాలేజీలో నేర్చుకున్న భాష ఎగిరిపోయి ఊరి మాట వచ్చేస్తుంది. బండ మీద ఉన్నవాళ్లు మాటలాపేసి వింటున్నారు. కువైట్ ఆమె కూడా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసింది.

"నలుగురిలో వద్దే," అంది సోములమ్మ గొంతు తగ్గించి.

"ఎందుకొద్దు? నలభై మందికి రాస్తన్నావు గదా, ఈ నలుగురూ ఇంటే ఏటి? నా మీద సంసారం బరువేసి నువ్వు కాలేజీ పిల్లవయ్యేవు. ఇంక నీకు ఫోన్ లేదు. పో. ఎల్లి మిషను కాడ నిలబడు. ఈసారైనా వంతు పోగొట్టకు."

సోములమ్మ ఫోన్ వైపు చూసింది. ఆరు గంటలని చెబుతుందేమో, బతిమాలుతుందేమో అని నిర్మల ఎదురుచూసింది. బతిమాలితే ఇంకా నాలుగు అనాలని మాటలు సిద్ధం చేసుకుంది కూడా. ఆవిడ నోటుబుక్కు చంకలో పెట్టుకుని, కొంగు దోపుకుని కొండ దిగిపోయింది.

గెలిచినట్టే ఉంది గాని నిర్మలకు తృప్తి లేదు. బండ మీద కూర్చుంది. జనం ఒక్కొక్కరే దిగిపోయారు. ఎంతసేపు కూర్చుందో తెలియదు. ఈ తద్దినం ఈరోజుతో వదిలిపోవాలి అనుకుంది. కోర్సు పేజీ తెరిచి వెతికితే అడుగున చిన్న అక్షరాలతో దొరికింది: కోర్సు నుంచి తప్పుకోండి. నొక్కింది. వెంటనే పోలేదు. "తప్పుకోవడానికి కారణం రాయండి" అని ఒక ఖాళీ గడి వచ్చింది.

కారణమా? బోలెడు కారణాలున్నాయి. తల్లి రాసిన చాదస్తం చూసి, అందులోంచే ఒకటి ఏరి పెడదామని వెనక్కి వెళ్లి ఆ జవాబులు తెరిచింది.

అచ్చియమ్మ అనే ఆమె తన పరిచయంలో "హాయ్ ఫ్రెండ్స్" అని మాత్రం రాసి ఊరుకుంది. దాని కింద సోములమ్మ రాసింది: "అమ్మా, నీ గురించి ఏమీ రాయలేదు. బాగున్నావా? వేళకి తింటున్నావా?" ఆ కింద అచ్చియమ్మ ఏకంగా పదిహేను వరుసలు రాసుకుంది. అడ్డతీగల నుంచి లక్ష్మీప్రసాద్ అనే అతను భార్య పురిటికి వెళ్లిందనీ, మనసు చదువు మీద లేదనీ రాశాడు. "బాబూ, కాన్పు కాగానే ఇక్కడ రాయి. మేమందరం చూస్తూ ఉంటాము" అని సోములమ్మ. మోహన్‌కృష్ణ అనే కుర్రాడు "ఆంటీ, ఇద్దరికి రాస్తే చాలు, మీరు కష్టపడుతున్నారు" అన్నాడు. "తెలుసు బాబూ. మూడో మనిషి ఏం పాపం చేశాడు?" అని సోములమ్మ. దాని కింద క్లాసు చెప్పే నాగలక్ష్మి మేడం కూడా ఒక మాట రాసింది: "సోములమ్మ గారూ, మీ వల్ల ఈ క్లాసు కలిసింది. కానీ పరీక్ష మరిచిపోకండి, ఆదివారం ఆరు వరకే."

నిర్మల మూతి ముడుచుకుని కిందికి జరిపింది. పార్వతీపురం పిల్ల సౌందర్య పరిచయం వచ్చింది. "ఇంటర్ అయ్యాక ఇంట్లో చదువు మానిపించారు. మూడేళ్లకు మళ్లీ మొదలుపెడుతున్నాను. మా అమ్మతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడను" అని రాసింది. దాని కింద సోములమ్మ జవాబు అన్నిటికంటే పొడుగ్గా ఉంది.

"అమ్మా సౌందర్యా, మీ అమ్మ తరఫున నేను మాట్లాడను. నాకూ ఒక కూతురుంది. దాని చదువు నేనే మానిపించాను. నా భర్త చెట్టు మీంచి పడ్డాడు. ఒక నెల రమ్మన్నాను. నెలకి ఆయన లేచి కూర్చున్నాడు. మా అన్న వచ్చి కోతలకి సాయం ఉంటానన్నాడు. నేనే వద్దన్నాను. నేను బండ మీదకి వెళ్లినప్పుడు హాస్టల్ వార్డెనమ్మ రెండుసార్లు ఫోన్ చేసి పిల్లని పంపమంది. ఆ మాట నా కూతురికి చెప్పలేదు. అది పక్కన ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. వెళ్తే ఏమైపోతానో అని భయం వేసింది. భయం నాది, పోయింది దాని చదువు. రోజూ గిన్నెలు గట్టిగా పెడుతుంది. పెట్టనీ అనుకుంటాను. నాకు పెద్ద చదువు కావాలని కాదు. అది మూడేళ్లు ఏమి పోగొట్టుకుందో తెలుసుకోవాలని చేరాను. చేరాక తెలిసింది, చాలా పోగొట్టాను. మీ అమ్మ మీద ఎంత కోపం చూపించినా చూపించు, నువ్వు మాత్రం ఆగకు."

నిర్మల రెండుసార్లు చదివింది. వార్డెనమ్మ ఫోన్ చేసిందా? రెండుసార్లు? గాసి మావ సాయానికి వస్తానన్నాడా? ఇన్నాళ్లూ నాన్న పడిపోవడం వల్ల చదువు పోయిందనుకుంది. తలరాత అనుకుంది. కొండ మీంచి గట్టిగా అరవాలనిపించింది. "నొక్కేస్తాను, నీ కోర్సు ఇప్పుడే తీసేస్తాను" అని పైకే అంది. ఆ ఖాళీ గడికి వెళ్లింది. కింద ఎర్రగా బొత్తం ఉంది. వేలు దాని మీదకి తెచ్చింది.

అప్పుడు తట్టింది ఆమెకు. తను ఇప్పుడు చేయబోతున్నది సరిగ్గా అదే పని. ఇంకో మనిషి చదువు, ఆ మనిషి లేనప్పుడు, చెప్పకుండా తీసేయడం. మూడేళ్లుగా ఏ పని తలుచుకుని కుమిలిపోతోందో అదే. ఆ ఎర్ర బొత్తం మీంచి వేలు తీసి, ఒళ్లో మొహం పెట్టుకుని నిర్మల వెక్కివెక్కి ఏడ్చింది.

తల ఎత్తేసరికి నాలుగూ నలభై ఏడు. కొండ మీంచి పరుగు లంకించుకుంది.

షెడ్డు దగ్గర సోములమ్మ వంతు అప్పుడే వచ్చింది. ఆవిడ మిషను పిడి తిప్పుతోంది, గాసి పైనుంచి పళ్లు పోస్తున్నాడు. సుక్రు కర్ర మీద ఆనుకుని బక్కెట్లు సర్దుతున్నాడు. చేతులు మోచేతుల దాకా జిగురు.

"వార్డెనమ్మ ఫోన్ సేసిందా?" అంది నిర్మల, ఊపిరి తిరగకుండానే.

పిడి ఆగిపోయింది. సోములమ్మ ముందు కూతురు చేతిలోని ఫోన్‌ని, తర్వాత కూతురి కళ్లనీ చూసింది. అంతా అర్థమైంది.

"సేసింది."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

"మరి నాతో సెప్పలేదేం?"

"సెప్తే ఎల్లిపోదువని."

"అవును, ఎల్లిపోదును! ఎల్లాల్సిందే గదా నేను!" నిర్మల మిషను దగ్గరికంటా వచ్చింది. "ముక్కూ మొహం తెలీనోళ్లకి రాసేవు. ఎవత్తో పార్వతీపురం గుంటకి సెప్పుకున్నావు. నాకు సెప్పడానికి నోరు లేకపోయిందా? మూడేళ్లు ఒక కంచం కాడే గదా తింటన్నాం!"

"ఆల్లు నా కల్లల్లోకి సూడరు గదే," అంది సోములమ్మ. "నీకు సెప్పాలని ఎన్నిసార్లు కూకున్నానో. నువ్వు సూత్తే మాట రాదు నాకు."

సుక్రు తల వంచుకున్నాడు. "నాకూ తెలుసమ్మా," అన్నాడు మెల్లిగా. "నానూ సెప్పలేదు. మంచంలో ఉన్నోడిని, ఏటి సెప్తానని ఊరుకున్నాను."

"ఎంత బాగుందో. ఇంటిల్లిపాదికీ తెలుసు, నాకు తప్ప," అంది నిర్మల. మండుతున్న కళ్లు తుడుచుకుని ఫోన్ తల్లి వైపు చాపింది. "ఇదిగో. అయిదు కావస్తంది. పరీక్ష మిగిలింది. ఎల్లు."

సోములమ్మ కదల్లేదు. "వద్దులే. నాకు తగదు. పల్లు మురిగిపోతాయి."

"పళ్లు నేను తిప్పుతాను."

"నా మీద జాలిపడకు నిర్మలా. కొట్టేత్తే కొట్టేత్తారు."

"జాలి కాదు!" అని అరిచింది నిర్మల. "జాలి లేదు నాకు. నీ మీద పట్టరాని కోపంగా ఉంది. అయినా నువ్వు నాకు సేసింది నేను నీకు సెయ్యను. నీ సదువు నా సేతులతో పోనివ్వను. లే, బేగి ఎల్లు!"

తల్లి చెయ్యి పట్టి పిడి మీంచి ఊడబెరికింది. ఆ జిగురు చేతులతోనే సోములమ్మ ఫోన్ అందుకుంది. చెంబుతో నీళ్లు పోసి గాసి ఆవిడ వేళ్లు కడిగాడు. "ఎల్లమ్మా, ఎల్లు. ఈ వంతు ఎక్కడికీ పోదు, నాను సూత్తాను," అన్నాడు.

ఆవిడ కొండదారిన పడింది. నడక కాస్తా పరుగైంది. నిర్మల మిషను పిడి పట్టుకుని తిప్పసాగింది. ఎర్రటి తొక్కలు ఒకవైపూ తెల్లటి గింజలు ఒకవైపూ పడుతున్నాయి. కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి. చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు. సుక్రు దగ్గరగా వచ్చి తన తువ్వాలుతో ఆమె మొహం తుడిచాడు. తల పక్కకి తిప్పుకోబోయి, ఊరుకుంది.

అన్ని మూటలూ అయ్యేసరికి పొద్దు కొండ వెనక్కి దిగింది. గాసి మిషను కడిగి వెళ్లిపోయాడు. తొట్టిలో గింజలు నానబోసి, తండ్రీ కూతుళ్లు గట్టు మీద కూర్చున్నారు. మసకచీకట్లో సోములమ్మ దిగి వస్తూ కనిపించింది. తొందరేమీ లేదు. ఆ నడక చూసి నిర్మల కూర్చున్నచోటి నుంచే కేకేసింది.

"అందలేదా?"

"అందింది. అయిదూ యాభైకి పంపేను." సోములమ్మ గట్టు మీద కూలబడింది. "పదికి ఏడొచ్చాయి. ఉన్నాను. పేరు కొట్టెయ్యలేదు."

"మూడు ఎక్కడ పోయాయి?"

"రెండు నిజంగా తెలీవు. ఒకటి మాత్రం..." సోములమ్మ కాస్త బెరుగ్గా చూసింది. "ఎంతమందికి జవాబు రాయాల అని అడిగేరు. ఇద్దరికి అని తెలుసు. అయినా అందరికీ అని నొక్కేను."

సుక్రు ఫక్కున నవ్వాడు. నిర్మల నవ్వలేదు. పెదవి కొరుక్కుంది.

తర్వాత సోములమ్మ లేచి కూతురి ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది. కూతురి చేతులు రెండూ పట్టుకుంది. వేళ్ల చివర్లు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"నా కల్లల్లోకి సూడు నిర్మలా. ఫోన్‌లో కాదు, నీకే సెప్తన్నాను. నిన్ను పంపొచ్చు. పంపలేదు. మీ నాన్న పడిపోడం కాదు, నాను ఆపేసేను. అబద్దమాడి ఆపేసేను. తప్పు నాది. నువ్వు ఎన్ని మాటలన్నా పడతాను."

ఈ మాటలే కావాలని మూడేళ్లుగా నిర్మల ఎదురుచూసింది. ఈ మాటలు విన్న రోజున తల్లిని ఏమేమి అనాలో ఎన్నో రాత్రులు సిద్ధం చేసుకుంది. తీరా విన్నాక, తల్లి భుజం మీద తల వాల్చి, చిన్నపిల్లలా బావురుమంది. సోములమ్మ కూడా ఏడ్చింది. జుట్టులో కాఫీ తొక్కలు ఏరుతూ ఏడ్చింది.

"నాకు కోపం పోలేదు," అంది నిర్మల ఎక్కిళ్ల మధ్య.

"పోవద్దులే. ఉండనీ."

"జూన్‌లో నేను ఎల్తాను. ఆన్‌లైన్ కాదు. కాలేజీకి. హాస్టల్లో ఉంటాను. మళ్లీ మొదటి నుంచి సేరమన్నా సేరతాను."

"ఎల్లు."

"కోతలప్పుడు కబురు పెట్టకూడదు. ఎవలు పడిపోయినా పెట్టకూడదు."

"పెట్టను."

"మరి భయమేస్తే?"

సోములమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, కూతురి మొహంలోకి సూటిగా చూసింది.

"ఏత్తాది," అంది. "భయమేత్తాది తల్లీ. ఏసినా నిన్నాపను."

సుక్రు కర్ర ఊతగా లేచి, ఇంటివైపు నడిచాడు. చోళ్లు పోసిన ఇనప్పెట్టెని ఖాళీ చేయాలని, అందుకు ఓ గోనెసంచి కావాలని ఎవరికో చెబుతున్నట్టు అంటూ వెళ్లాడు. జూన్ రావడానికి ఇంకా ఆరు నెలలుంది. ఆ మాట ఎవరూ ఆయనకు గుర్తు చేయలేదు.